మనిషిగా చదివాను, అధిపతిగా అందలేదు

మానవజాతి నిప్పు కనిపెట్టింది, చక్రం కనిపెట్టింది, గోదావరికి ఆనకట్ట కట్టింది. ఆ తర్వాత అంతటి ఘనకార్యం ఏదైనా జరిగిందంటే అది ఆ మధ్య జనవరి నెలలో ఏలూరులోని ఒక పీజీ కళాశాల మత్స్యశాస్త్ర విభాగంలో జరిగింది. ఇకమీదట ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ విద్యార్థులు అసైన్‌మెంట్లు తెచ్చి ఇవ్వనక్కర్లేదనీ, ఎక్కడివారు అక్కడే కూర్చుని ఈమెయిల్లో పంపవచ్చుననీ ఆ విభాగం ప్రకటించింది. ప్రకటన నాలుగు పేజీలు. దాన్ని టైపు చేయించి, ముద్ర వేయించి, ఏడు ప్రతులు తీయించి, మైదాపిండి ఉడకబెట్టి గోడలకు అంటించారు. "కాగితం వాడకమును సంపూర్ణముగా నివారించుటకై" అన్నది అందులో మొదటి మాట. (ఏడో ప్రతికి గోడమీద చోటు చాలక ఆరో ప్రతి మీదే అంటించారు.)

ప్రకటన రాసింది విభాగాధిపతి డాక్టర్ నాగభూషణం గారు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఆయన ఎవరినీ కసిరింది లేదు. ఆడపిల్లల్ని "అమ్మా" అనీ, మగపిల్లల్ని "నాయనా" అనీ తప్ప పిలిచింది లేదు. చివరి సెమిస్టర్లో పిల్లలందరూ ప్రాజెక్టుల కోసం చెరువులకూ, చేపపిల్లల హేచరీలకూ, మేత ఫ్యాక్టరీలకూ చెదిరిపోతారు. ఒక్క అసైన్‌మెంటు ఇవ్వడానికి కైకలూరు నుంచి ఒకరు, జంగారెడ్డిగూడెం నుంచి ఒకరు బస్సుల్లో నిలబడి రావడం చూసి ఆయన మనసు నొచ్చుకుంది. వాళ్ళను ఆ కష్టం నుంచి తప్పించాలన్న ఒకే ఒక్క సదుద్దేశంతో ఆయన పందొమ్మిది నిబంధనలు రాశారు.

నిబంధనలు కఠినమైనవేమీ కావు. అసైన్‌మెంటు చేత్తో రాయాలి, ఒకరిది చూసి ఒకరు కాపీ కొట్టకుండా. రాసినదాన్ని స్కాన్ తీసి పీడీఎఫ్ చెయ్యాలి. అది మూడు ఎంబీలకు మించకూడదు, మెయిల్‌పెట్టె మొయ్యలేదు కాబట్టి. ఒక ఎంబీకి తగ్గకూడదు, విద్యార్థి శ్రమ పడలేదని అర్థం కాబట్టి. ఫైలు పేరులో హాల్‌టికెట్ నంబరు, ఇంటిపేరు, తండ్రిపేరులో మొదటి అక్షరం, పేపరు కోడు, అసైన్‌మెంటు నంబరు, నెల, సంవత్సరం ఉండాలి. ఒక్కొక్క దాని మధ్య ఒక కింద గీత ఉండాలి. మెయిలు కళాశాల ఇచ్చిన చిరునామా నుంచే పంపాలి. ఆ చిరునామా తెరవడానికి కావలసిన పాస్‌వర్డును ఆ చిరునామాకే పంపడమైనది.

ఇలా వచ్చిన మెయిళ్ళను నాగభూషణం గారు కంప్యూటర్లో దిద్దరు. ఎర్రసిరా తెరమీద పడదు గదా. అందుచేత ప్రతి మెయిలునూ ప్రింటు తీసి ఆయన బల్లమీద పెడతారు. ఆయన దిద్దుతారు. దిద్దినదాన్ని స్కాన్ తీసి మెయిల్లో విద్యార్థికి తిప్పి పంపుతారు. విద్యార్థి దాన్ని ప్రింటు తీసుకుని, రికార్డులో కుట్టించుకుని, సెమిస్టర్ చివర తెచ్చి సంతకం చేయించుకోవాలి. ఒక పేజీ కాగితం ఆదా చెయ్యడానికి ఈ విధంగా మూడు పేజీలు సరిపోయేవి.

ఈ వ్యవస్థకు చేతులూ కాళ్ళూ అహరోను గారు. విభాగంలో జూనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. పాస్‌వర్డు తెలియక దిక్కులు చూస్తున్న పిల్లలకు, నిబంధనల్లో ఎక్కడా లేకపోయినా, చిన్న చీటీ మీద పాస్‌వర్డు రాసి చేతిలో పెట్టింది ఆయనే. ఆ చీటీలే లేకపోతే ఈ డిజిటల్ విప్లవం జనవరిలోనే ఆగిపోయేది.

చీటీ అందుకున్నవాళ్ళలో దుర్గాభవాని ఒకరు. దెందులూరు అవతల ఒక ఊళ్ళో వరి పండించుకునే కుటుంబం. వయసు ముప్పైమూడు. క్లాసులో మిగతావాళ్ళకంటే పదేళ్ళు పెద్ద. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ పెదపాడులో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తోంది. చుట్టుపక్కల చేపల చెరువుల రైతులు తెల్లవారేసరికి సీసాల్లో నీళ్ళు పట్టి తెస్తారు. ఆమె పరీక్ష చేస్తుంది, లెక్క తేలుస్తుంది, ఏం చెయ్యాలో చెబుతుంది. రైతులు ఆ నోటిమాట పట్టుకుని వెళ్ళి చెరువు చూసుకుంటారు. రిపోర్టు మీద సంతకం మాత్రం ఆమెది కాదు. ఆ సంతకానికి ఎమ్మెస్సీ ఉండాలి. ఎమ్మెస్సీ ఉన్న ఆయన ఒకరు శనివారం శనివారం వచ్చి, వారం రోజుల రిపోర్టుల మీద ఒకే ఊపున సంతకాలు పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. (ఆయన ఒక్క చెరువు నీళ్ళయినా చూసినట్టు ఆధారాలు లేవు. కాఫీ మాత్రం బాగుందనేవారు.)

ల్యాబ్ యజమానురాలు వీరరాఘవమ్మ గారు ఒకనాడు ఆమెను కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ శనివారం ఆయన జూలై నుంచి రారటమ్మా. వేరేచోట పని దొరికిందట. నువ్వు ఈలోపు ఆ ఎమ్మెస్సీ కానిచ్చేశావనుకో, సంతకం నువ్వే పెడుదువుగాని. కాకపోతే నేనెవర్నో తెచ్చుకోవాలి. ఇద్దర్ని పెట్టుకునే ల్యాబ్ కాదమ్మా మనది."

అందుచేత దుర్గాభవానికి ఈ చివరి సెమిస్టర్ ఏడాది వాయిదా పడే వీల్లేదు. మూడు అసైన్‌మెంట్లూ అందితేనే పరీక్షకు అర్హత. అర్హుల జాబితా యూనివర్సిటీకి ఏప్రిల్ నెలలో ఒక గురువారం సాయంత్రం లోపల చేరాలి.

మొదటి అసైన్‌మెంటు ఆమె ఫిబ్రవరిలో పంపింది. పొద్దున్నే ఇంటి అరుగుమీద కూర్చుని, ఫైలు పేరు మూడుసార్లు సరిచూసుకుని, పంపే బొత్తాం నొక్కింది. "ఇదేదో బావుంది, బస్సు ఖర్చయినా లేదు" అనుకుని ల్యాబ్‌కు వెళ్ళింది. పదిన్నరకు ఫోను మోగింది.

"దుర్గాభవాని గారాండీ? అహరోనునండి, కాలేజీ నుంచండి. మీ మెయిలు వచ్చిందండి."

"చాలా సంతోషమండీ."

"వచ్చినట్టు మీరొచ్చి సంతకం పెట్టాలండి."

"మెయిలు వచ్చేసింది గదండీ. మళ్ళీ నేనెందుకండీ?"

"వచ్చిందని మాకు తెలుసండి. పంపింది మీరేనని మీరు చెప్పాలి గదండీ మరి. ఈమెయిల్ రిజిస్టర్ అని కొత్తగా పెట్టారండి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా అండి. ఆదివారాలూ సెలవులూ కాకుండానండి."

ఆమె గ్లౌజులు తీసి, బ్యాగు తగిలించుకుంది. వీరరాఘవమ్మ గారు వరసగా పెట్టిన సీసాల వంక చూసి, ఆమె వంక చూసింది.

"ఎక్కడికమ్మా?"

"కాలేజీకండి. ఈమెయిలు పంపానండి."

"ఈమెయిలంటే ఇంట్లో కూర్చుని పంపేదే గదా?"

"అవునండి. పంపడం ఇంట్లోంచేనండి. పంపినట్టు చెప్పడానికి వెళ్ళాలండి."

వీరరాఘవమ్మ గారు అరవై ఎకరాల చెరువులు చూసిన మనిషి. కాలవ నీళ్ళ తగువుల్లో పెద్దమనిషిగా కూర్చున్న మనిషి. అలాంటి మనిషి కూడా ఈ తగువు జోలికి పోకుండా గడియారం చూసింది. "మెల్లిగా వెళ్ళిరా" అంది.

రెండో అసైన్‌మెంటు మార్చిలో వెళ్ళింది. అది చక్కగా చేరింది గాని, చేత్తో రాసి, ఫోన్లో స్కాన్ తీసి, మూడు ఎంబీలకు కుదించి, విభాగంలోని పాత ప్రింటర్లో తీసేసరికి అక్షరాలు తుంపర్లో తడిసినట్టయ్యాయి. నాగభూషణం గారు కళ్ళజోడు తుడుచుకుని చదవబోయి, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చదవబోయి, చివరకు ఇరవయ్యో నిబంధన రాశారు. స్పష్టత కోసం ప్రతి మెయిలుకూ ఒక కాగితపు ప్రతి కూడా జతపరిచి స్వయంగా అందజెయ్యాలి. అయితే దాన్ని కాగితం అనకూడదు. "భౌతిక ఈమెయిలు" అనాలి.

మూడో అసైన్‌మెంటు "చేపల చెరువుల్లో ప్రాణవాయువు తగ్గుట: కారణములు, నివారణ". ఆ శీర్షిక చూసి దుర్గాభవానికి నవ్వొచ్చింది, ఆ తర్వాత గుండె కొంచెం బరువెక్కింది. పదేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. పుస్తకాల్లో ఉన్నది రెండు పేజీల్లో తేల్చేసి, మిగతా ఇరవై పేజీలు తన సొంతానికి రాసింది. ఏ మబ్బుకు ఏ చెరువు ఎలా మారుతుందో, చేప ఎన్నింటికి పైకి తేలుతుందో, ఏ రైతు ఏం చేసి చెరువు దక్కించుకున్నాడో, ఏం చెయ్యక పోగొట్టుకున్నాడో పేర్లు లేకుండా రాసింది. రాస్తున్నంతసేపూ మార్కుల సంగతి ఆమెకు గుర్తుకు రాలేదు. విద్యార్థి జీవితంలో ఇలాంటిది అరుదుగా జరుగుతుంది. నిబంధనల్లో దీనికి ఏర్పాటు కూడా ఏమీ లేదు.

జాబితా వెళ్ళవలసిన వారం, సోమవారం పొద్దున దాన్ని పంపింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. అవతలి మెయిల్‌పెట్టె నిండిపోయింది, ఇంక పట్టదు అని దాని సారాంశం. మళ్ళీ పంపింది. మళ్ళీ తిరిగొచ్చింది. భౌతిక ఈమెయిలు పట్టుకుని పరుగున ఏలూరు వెళ్ళి అహరోను గారి చేతికిచ్చింది. మంగళవారం నాగభూషణం గారిని కలిసింది.

"మూడోది పంపానండి సార్. తిరిగొచ్చేసిందండి."

"తిరిగొచ్చిందంటే చేరనట్టే గదమ్మా."

"భౌతిక ఈమెయిలు నిన్ననే ఇచ్చానండి."

"ఇచ్చావమ్మా. నిన్న టీ తాగుతూ మొదలుపెట్టాను. టీ చల్లారిపోయింది గాని వదలబుద్ధి కాలేదు." నాగభూషణం గారి కళ్ళు నిజంగానే మెరిశాయి. "ఇరవై ఏడేళ్ళలో ఇంత మంచి అసైన్‌మెంటు చూళ్ళేదమ్మా. కొన్ని పేజీలు రెండుసార్లు చదివాను. చెరువు గట్టుమీద కూర్చోబెట్టి చెప్పినట్టుంది."

దుర్గాభవానికి ఊపిరి తిరిగొచ్చింది. "అయితే సార్, జాబితాలో నా పేరు..."

"అదే చెబుతున్నానమ్మా. అది నేను మనిషిగా చదివాను. విభాగాధిపతిగా నాకు ఇంకా అందలేదు."

ఆ మాటలో వెటకారం లేదు, కోపం లేదు. మంచినీళ్ళిచ్చినంత ఆప్యాయంగా అన్నారు. ఆమెను కుర్చీలో కూర్చోమని, పరిస్థితి అంతా విడమర్చి చెప్పారు. పెట్టె నిండింది నిజమే. అందులో ఉన్నవన్నీ శాఖాపరమైన రికార్డులు. రికార్డును తొలగించాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే సభ్యులకు నోటీసు వెళ్ళాలి. పద్నాలుగో నిబంధన ప్రకారం నోటీసు ఈమెయిల్లోనే వెళ్ళాలి. పెట్టె నిండిపోయింది కనుక లోపలికి వచ్చే మెయిళ్ళే కాదు, బయటికి వెళ్ళే మెయిళ్ళు కూడా ఆగిపోయాయి.

"మరి కమిటీలో ఎవరెవరండీ సార్?"

"నేనొకణ్ణమ్మా. లైబ్రేరియన్ ఒకరు. నరసరాజు గారొకరు. ఆయన తాడేపల్లిగూడెం సెంటరుకు డిప్యుటేషన్ మీద వెళ్ళారు."

"మీరిద్దరూ ఇక్కడే ఉన్నారు గదండీ. నరసరాజు గారికి నేను వెళ్ళి చెప్పనాండీ?"

"చెప్పడం మంచిదేనమ్మా" అన్నారు నాగభూషణం గారు. మంచి సంగతులకు ఆయన ఎప్పుడూ అడ్డుపడరు.

మధ్యాహ్నం ప్యాసింజర్ ఎక్కి ఆమె తాడేపల్లిగూడెం వెళ్ళింది. ఉల్లిపాయల లారీల మధ్యలోంచి దారి చేసుకుని, ఆ సెంటరు కనుక్కుని, నరసరాజు గారిని పట్టుకుంది. ఆయన విన్నారు. టీ తెప్పించారు. "నేను తప్పకుండా వస్తానమ్మా. రేపే రమ్మన్నా వస్తాను. నాకేం అభ్యంతరం లేదు. ఆ నోటీసు మెయిలొకటి రానివ్వండి" అన్నారు. ఆమె టీ తాగి, దణ్ణం పెట్టి, తిరుగు బండి ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది గాని బయట ఏముందో ఆమెకు కనబడలేదు. ఒక ఏడాది అన్న మాటే కళ్ళముందు తిరిగింది. ఏలూరు స్టేషన్లో దిగి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, దెందులూరు బస్సు ఎక్కింది.

బుధవారం ఉదయం అహరోను గారి దగ్గర్నుంచి ఫోను.

"అమ్మా, నాకో ఆలోచన వచ్చిందండి. తప్పయితే తప్పని చెప్పండి."

"చెప్పండి అహరోను గారూ."

"ఆ పెట్టెలో ఉన్నవన్నీ రికార్డులు కావండి. ప్రకటనలు బోలెడున్నాయండి. చీరలమ్ముతామనీ, అప్పులిస్తామనీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనీ. పందొమ్మిదో నిబంధన చూశానండి. వ్యాపార ప్రకటనలు రికార్డు కింద రావు అని రాసుందండి. అంటే కమిటీ అక్కర్లేదు గదండీ?"

(మత్స్యశాస్త్ర విభాగానికి చీరల ప్రకటనలు ఎందుకొచ్చాయని పాఠకులకు సందేహం కలగవచ్చు. నాలుగేళ్ళ క్రితం నాగభూషణం గారు ఇంటికి ఒక ప్రెషర్ కుక్కర్ తెప్పించుకుంటూ, ఈమెయిల్ అడిగితే గుర్తున్న చిరునామా ఇచ్చారు.)

దుర్గాభవాని పదకొండు కొట్టేసరికి విభాగంలో ఉంది. తొలగించడం తేలికే. తొలగించినట్టు రాసుకోవడమే పని. ఏ తేదీ, ఎవరు పంపారు, ఏ విషయం అని రిజిస్టర్లో గళ్ళు గీసి, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క వరస రాయాలి. ఆమె తెర చూసి చదివింది, ఆయన రాశారు.

"పట్టుచీరలు, సగం ధర."

"సగం ధర... రాశానండి."

"మూడు రోజుల్లో నడుము సన్నబడే బెల్టు."

"బెల్టు... ఊఁ, రాశానండి."

"మీకు ఐదు లక్షల అప్పు మంజూరైంది."

"ఎవరికండీ? డిపార్టుమెంటుకాండీ?"

"అలాగే ఉందండి."

"సార్‌కు చెప్పమంటారా?"

"వద్దండి. రాసేయండి."

ఒంటిగంటకు పది నిమిషాలు ఉందనగా డెబ్బైరెండు ప్రకటనలు పోయాయి. పెట్టెలో నాలుగు ఎంబీల చోటు దొరికింది. దుర్గాభవాని అసైన్‌మెంటు రెండు పాయింట్ తొమ్మిది. ఆమె ఫోను తీసి, ఫైలు జతపరచబోతూ ఉండగా కంప్యూటరు టింగుమంది. కొత్త మెయిలు వచ్చింది. అది పైనుంచి, అంటే యూనివర్సిటీ నుంచి వచ్చిన సర్క్యులరు. విషయం: "మెయిల్‌పెట్టెలను తేలికగా ఉంచుకొనుట యొక్క ఆవశ్యకత." ఆ అంశం మీద జరిగిన అవగాహన సదస్సులో జ్యోతి వెలిగిస్తున్న ఫొటోలు, శాలువాలు కప్పుతున్న ఫొటోలు జతపరిచారు. మొత్తం మూడు పాయింట్ ఎనిమిది ఎంబీలు. పెట్టె నిండింది.

అది ప్రకటన కాదు. శాఖాపరమైన రికార్డు.

అహరోను గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నా చేత్తో నేనే తలుపు తీశానమ్మా, వాళ్ళ కోసం" అన్నారు. రెండు గంటలు గీతలు గీసి, రాసి, ఆయన వేలి మీద సిరా మరక పడింది. దుర్గాభవాని ఆ మరక చూసింది. అప్పటిదాకా తన ఏడాది గురించే దిగులుపడుతున్న ఆమెకు, ఈ పెద్దాయన తన కోసం ఇంత ఎందుకు చేస్తున్నాడన్న ఆలోచన అప్పుడు వచ్చింది.

"మీకెందుకండీ ఇంత శ్రమ? మీ పని కాదు గదండీ ఇది."

"ఆ మూడోదాన్ని సార్ చదివాక నేనూ చదివానండి" అన్నారు అహరోను గారు. "మాది కొల్లేటి లంకమ్మా. మా తమ్ముడు ఒకేడు చెరువు పోగొట్టుకున్నాడండి. ఎందుకు పోయిందో మాకు ఎవరూ చెప్పలేదండి. మీ కాగితాల్లో చదివితే తెలిసిందండి. రేపు ఒంటిగంట దాకా టైముంది గదండీ. రండి."

గురువారం వీరరాఘవమ్మ గారు సీసాలు తనే లోపలికి తీసుకుంది. "ఇవి నేను చూస్తాలే. రంగు మారితే ఏమిటో నాకు మాత్రం తెలియదూ? నువ్వెళ్ళు. చేరేదాకా రాకు" అని పంపేసింది.

మళ్ళీ పదకొండు. మళ్ళీ రిజిస్టరు. మళ్ళీ పట్టుచీరలు. ఈసారి అహరోను గారు గళ్ళు ముందురోజే గీసి ఉంచుకున్నారు. దుర్గాభవాని ఫైలు ముందే జతపరిచి, ఫోను చేతిలో పట్టుకుని, ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఒంటిగంటకు ఎనిమిది నిమిషాలు ఉండగా అరవై ఎనిమిదో ప్రకటన పోయింది.

"చోటయిందండి. మూడు పాయింట్ ఒకటి. నొక్కండమ్మా, నొక్కండి!"

ఆమె నొక్కింది. ఇద్దరూ తెర వంక చూశారు. ఆమె చేతిలోంచి బయల్దేరిన మెయిలు ఏ సముద్రాల అడుగున ఏ తీగల వెంట పరుగెత్తిందో, ఏ దేశంలో ఏ యంత్రాన్ని తాకి వచ్చిందో తెలియదు. ఆ ఫోనుకూ ఈ కంప్యూటరుకూ మధ్య దూరం ఒక మూర. ఒంటిగంటకు అయిదు నిమిషాలు. నాలుగు నిమిషాలు. నడవాలో ఎవరో గట్టిగా తుమ్మారు. అహరోను గారు కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు, ప్రార్థన కాబోలు.

టింగుమంది.

ఆమె రిజిస్టర్లో సంతకం పెట్టింది. అహరోను గారు ఇరవై రెండు పేజీలూ ప్రింటు తీసి, అంచులు సర్ది, తీసుకెళ్ళి నాగభూషణం గారి బల్లమీద పెట్టారు. సోమవారం నుంచీ అక్కడే ఉన్న భౌతిక ఈమెయిలు పక్కనే. నాగభూషణం గారు రెండింటినీ చూశారు. లేచి నిలబడ్డారు.

"అందిందమ్మా!" అన్నారు. ఆయనకంత సంతోషం కూతురి పెళ్ళి కుదిరిన రోజున కూడా కలగలేదని దగ్గరివాళ్ళు అంటారు. "మంగళవారం నుంచీ నాకు అన్నం సయించలేదనుకో. ఇంత మంచి అసైన్‌మెంటు నాకు అందకుండా పోతుందేమోనని."

ఇరవైకి పందొమ్మిది మార్కులు వేశారు. ఒక మార్కు ఫైలు పేరులో ఒక కింద గీత తగ్గినందుకు పోయింది. ఆ మధ్యాహ్నమే అర్హుల జాబితా యూనివర్సిటీకి వెళ్ళింది. మెయిలు బయటికి వెళ్ళదు కాబట్టి, కవర్లో పెట్టి, లక్క వేసి, మనిషినిచ్చి బస్సులో పంపించారు. గంటన్నరలో చేరింది. ఎవరూ ఏ ఇబ్బందీ పడలేదు.

దుర్గాభవాని పరీక్షలు రాసింది. జూన్ ఆఖరుకు ఫలితాలు వచ్చాయి. పాసయింది. ల్యాబ్‌లో రిపోర్టు మీద ఆమె మొదటి సంతకం పెట్టిన రోజు వీరరాఘవమ్మ గారు పూతరేకులు తెప్పించింది. ఆ రిపోర్టు అందుకున్న రైతు సంతకం కేసి ఎగాదిగా చూసి, "ఇదేంటండీ, ఇన్నేళ్ళూ ఈ సంతకం మీది కాదాండీ?" అని అడిగాడు. ఆమె కాదంది. ఆయన నమ్మలేదు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, వరసలో ఇంకా పదకొండు సీసాలుండడం వల్ల తర్వాతి మనిషిని పిలిచింది.

ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టింది. ఎండ లేదు, గాలి లేదు. ఒకరోజు పొద్దున్న ఆరున్నరకు ఆమె బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది.

"అమ్మా, నాగభూషణాన్నమ్మా! నీకు శ్రమ ఇస్తున్నాను." ఆయన గొంతులో మునుపెన్నడూ లేని తొందర. "కొల్లేటి పక్కన మా బావమరిది చెరువుందమ్మా, పన్నెండెకరాలు. బంగార్రాజని. నేనిప్పుడు ఆ గట్టుమీదే ఉన్నాను. శీలావతులూ బొచ్చెలూ మొత్తం పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయమ్మా. గట్టు పొడుగునా తలకాయలే. నీ అసైన్‌మెంట్‌లో ఇదే రాశావు గదమ్మా, ముందు ఏం చెయ్యాలి?"

"మేత వెయ్యనివ్వకండి సార్, పూర్తిగా ఆపించేయండి. నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఉన్నవన్నీ తిప్పమనండి. మోటారు పెట్టి కాలవ నీళ్ళు ఎత్తునుంచి పడేలా వదలమనండి. ఆక్సిజన్ బిళ్ళలున్నాయాండీ?"

"ఉన్నాయట, ఉన్నాయట!"

"చేపలు గుంపుగా ఉన్న మూల చల్లించండి. వలా పడవా దింపనివ్వకండి, బెదిరితే ఇంకా పోతాయి."

అవతల ఆయన ఒక్కొక్క మాటా అందుకుని గట్టుమీద కేకలు వేయడం ఆమెకు వినబడింది. మోటారు అందుకున్న చప్పుడు కూడా వినబడింది. (చెరువు దక్కింది. పాఠకులు కంగారు పడకుండా ముందే చెబుతున్నాం. ఎనిమిదయ్యేసరికి చేపలు కిందికి దిగాయి. బంగార్రాజు గారు గట్టుమీద కూలబడి పిల్లాడిలా ఏడ్చారు.)

బస్సు వచ్చింది. దుర్గాభవాని దాన్ని వదిలేసింది. మందు మోతాదులూ, తర్వాతి రెండు రోజులు చూసుకోవలసినవీ చాలా ఉన్నాయి. నోటితో చెబితే గట్టుమీద హడావుడిలో మరిచిపోతారేమోనని ఆమెకు అనిపించింది. ఆమె ఆ విభాగం తీర్చిదిద్దిన విద్యార్థిని కూడాను.

"సార్, ఇదంతా వివరంగా రాసి మెయిలు పెట్టమంటారాండీ?"

"వద్దమ్మా, వద్దు వద్దు!" అన్నారు నాగభూషణం గారు కంగారుగా. "ఫోను పెట్టెయ్యకు, నోటితోనే చెప్పు. ఇవి స్టూడెంట్లు కావమ్మా, చేపలు. అంతసేపు ఆగలేవు."